పన్నెండు దాటిన పిల్లలకు ఓడలో కాపలా ఎవరిది?

క్రూయిజ్ ఓడలో ఏడేళ్ల పిల్లను ఆటల క్లబ్బులో వదలాలంటే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. తీసుకెళ్లేటప్పుడు మళ్లీ సంతకం. ముందుగా పేరు రాయించిన పెద్దలకు తప్ప సిబ్బంది పిల్లను అప్పగించరు. చాలా ఓడల్లో చేతికి పట్టీ కడతారు. ప్రమాదం వస్తే ఏ మస్టర్ స్టేషన్‌కు, అంటే అందరూ చేరాల్సిన ఏ చోటుకు, తీసుకెళ్లాలో ఆ పట్టీని బట్టే తెలుస్తుంది. అదే పిల్లకు పన్నెండో పదమూడో నిండి టీన్ క్లబ్బులోకి మారగానే ఈ ఏర్పాటంతా ఆగిపోతుంది. ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. వెళ్లిపోయిందని తల్లిదండ్రులకు ఎవరూ కబురు పెట్టరు. లోపలున్న సిబ్బంది ఆటలు ఆడిస్తారు, పాటలు పెడతారు, గొడవ పడితే విడదీస్తారు. తలుపు దాటిన పిల్ల ఎటు పోయిందో చూడటం వాళ్ల పని కాదు.

కుటుంబంతో క్రూయిజ్‌కు వెళ్లేవాళ్లలో చాలామందికి ఈ సంగతి ఓడెక్కాక గానీ తెలియదు. బ్రోచర్‌లో ‘అన్ని వయసుల పిల్లలకూ క్లబ్బులు’ అని ఒకే వరుసలో రాసి ఉంటుంది. మూడేళ్లవాళ్ల గదీ, పదహారేళ్లవాళ్ల గదీ పక్కపక్కనే బొమ్మల్లో కనిపిస్తాయి. చిన్నపిల్లల క్లబ్బు పిల్లల బాధ్యతను కాసేపు తన మీద వేసుకుంటుంది. టీన్ క్లబ్బు చోటు మాత్రమే ఇస్తుంది. ఈ ఒక్క తేడా అర్థమైతే ఓడలోని వయసు నిబంధనలన్నీ ఎందుకలా ఉన్నాయో, ఎక్కడ ఖాళీ వదిలాయో సులువుగా తెలుస్తుంది.

ఇది తెలుగు ఇళ్లకు దూరపు సంగతేమీ కాదు. డాలస్, హ్యూస్టన్ తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ రేవు కారులో వెళ్లిపోయేంత దూరం. న్యూజెర్సీ వాళ్లకు బేయోన్‌లోని కేప్ లిబర్టీ, సియాటెల్ వాళ్లకు అలాస్కా వెళ్లే ఓడలు ఇంటి దగ్గరే. థాంక్స్‌గివింగ్‌కో, క్రిస్మస్ సెలవులకో, స్ప్రింగ్ బ్రేక్‌కో నాలుగైదు కుటుంబాలు కలిసి క్యాబిన్లు బుక్ చేసుకోవడం మామూలైపోయింది. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి, అక్కడ మూడు నాలుగు రాత్రుల ఓడ ఎక్కి వచ్చేవాళ్లూ పెరిగారు. ఇలాంటి గుంపు ప్రయాణాల్లో ఒక చిక్కుంది. పిల్లలంతా కలిసే ఉన్నారు కదా అని ప్రతి ఇంటివాళ్లూ అనుకుంటారు. ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారన్న ధీమాలో ఎవరూ చూడరు.

చిన్నపాటి ఓడైతే ఆ ధీమాకు కొంత అర్థం ఉండేది. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన రాయల్ కరీబియన్ వారి ఐకాన్ ఆఫ్ ద సీస్‌కు 20 డెక్‌లు, నిండా ఎక్కితే 7,600 మంది ప్రయాణికులు. సిబ్బంది అదనం. అంతమంది అపరిచితుల మధ్య పద్నాలుగేళ్ల పిల్లను రాత్రి పదకొండింటికి ఒంటరిగా తిరగనిస్తామా అని ఊళ్లో ఉండగా అడిగితే ఏ తల్లీ ఒప్పుకోదు. ఓడలో ఒప్పుకుంటుంది. చుట్టూ నీళ్లే, ఎక్కడికి పోతారు అనే ఆలోచన దానికి కారణం. పిల్లలు ఓడ దాటి పోలేకపోవడం నిజమే. తోటి ప్రయాణికులైన ఆ అపరిచితులు కూడా ఓడ దాటి పోలేరు. రెండోది చాలామందికి తట్టదు.

గీతలు ఎక్కడ గీశారు

వయసుల విభజన కంపెనీకో రకంగా ఉంటుంది. కార్నివాల్‌లో 2 నుంచి 11 ఏళ్లవాళ్లకు క్యాంప్ ఓషన్, 12–14 వాళ్లకు సర్కిల్ సీ, 15–17 వాళ్లకు క్లబ్ ఓటూ. నార్వీజియన్‌లో 3–12 దాకా స్ప్లాష్ అకాడమీ, 13–17 అంతా కలిపి ఆంటూరాజ్. ఎంఎస్‌సీలో 12–14 ఒక జట్టు, 15–17 మరో జట్టు. డిస్నీలో ఎడ్జ్ 11–14 వాళ్లకు, వైబ్ 14–17 వాళ్లకు. ఈ వయసులు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున కంపెనీ సైటులో చూసుకోవడం తప్పదు.

వీటిలో డిస్నీ చేసిన పని మెచ్చుకోదగ్గది. పద్నాలుగేళ్లవాళ్లను రెండు క్లబ్బుల్లోనూ చేర్చింది. ఆ వయసులో పిల్లల ఎదుగుదల ఒక్కలా ఉండదు. ఒకరు ఇంకా బొమ్మలతో ఆడుతుంటే, ఇంకొకరు తండ్రి ఎత్తు అయిపోయి ఉంటారు. ఎటు వెళ్లాలో పిల్లలే తేల్చుకునే వీలు అక్కడ ఉంది. మిగతాచోట్ల పుట్టినతేదీయే తేలుస్తుంది. సాధారణంగా ఓడ బయలుదేరే రోజుకు నిండిన వయసునే లెక్కలోకి తీసుకుంటారు. మేనత్త కొడుకుకు పదిహేను నిండి, మేనమామ కొడుక్కి నిండటానికి ఇంకా రెండు వారాలుంటే ఇద్దరూ వేర్వేరు గదుల్లోకి పోతారు. కలిసి గడపడానికే ఇంత దూరం వచ్చిన పిల్లలు అప్పుడు రెండు క్లబ్బులూ వద్దనుకుని డెక్‌ల మీద తిరగడం మొదలుపెడతారు. ఎవరి కంటా పడని గంటలు ఇలాగే ఎక్కువవుతాయి. మినహాయింపు కావాలంటే ఎక్కిన మొదటి రోజే క్లబ్బు నిర్వాహకులను అడగాలి. పెద్ద జట్టులోకి చిన్నవాళ్లను పంపడానికి వాళ్లు సాధారణంగా ఒప్పుకోరు. ఆ విషయంలో వాళ్లదే సబబు. పదిహేడేళ్లవాళ్ల మధ్య పన్నెండేళ్ల పిల్లను కూర్చోబెట్టడం ఏ రకంగానూ మంచిది కాదు.

టీన్ క్లబ్బుకు ఎందుకు తలుపు వేయరన్నది న్యాయమైన ప్రశ్నే. వేస్తే పిల్లలు రారు, అది మొదటి కారణం. సంతకం పెట్టి అమ్మ వదిలి వెళ్లే చోటుకు పదహారేళ్ల కుర్రాడు అడుగు పెట్టడు. ఇంకో కారణం ప్రయాణ ఒప్పందంలో ఉంది. టికెట్‌తో పాటు వచ్చే ఆ సుదీర్ఘ పత్రంలో మైనర్ల ప్రవర్తనకూ, వాళ్లు చేసే నష్టానికీ వెంట వచ్చిన పెద్దలే బాధ్యులని రాసి ఉంటుంది. చదివి ఒప్పుకున్నామని ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టేది తల్లిదండ్రులే. అంటే ఓడవాళ్లు తాము ఏ బాధ్యత తీసుకోవడం లేదో దాచలేదు. అది ఎవరూ చదవని చోట ఉంది, అంతే. ఈ పద్ధతి బాగాలేదు. టీన్ క్లబ్బు తలుపు మీదే ‘ఇక్కడ పిల్లల రాకపోకలు నమోదు చేయం’ అని పెద్ద అక్షరాలతో రాస్తే ఎన్నో ఇళ్లకు మేలు జరుగుతుంది.

పద్దెనిమిదికీ ఇరవై ఒకటికీ నడుమ

అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద కంపెనీల ఓడల్లో మద్యానికి 21 నిండాలి. 1984లో వచ్చిన ఫెడరల్ చట్టం, తాగే వయసును 21కి పెంచని రాష్ట్రాలకు రహదారుల నిధుల్లో కోత పెట్టింది. అప్పటి నుంచి దేశమంతా అదే వయసు స్థిరపడింది. ఓడ అమెరికా జలాలు దాటాక ఆ చట్టాల పట్టు సడలినా, కంపెనీలు ప్రయాణం పొడవునా అదే వయసు పాటిస్తాయి. యూరప్‌లో బయలుదేరే ఓడల్లో చాలావరకు 18 చాలు. రాయల్ కరీబియన్ ఓడ ఒకటి మయామి నుంచి బయలుదేరితే పంతొమ్మిదేళ్ల కుర్రాడు పెద్దల తోడు లేకుండా గది తీసుకోలేడు, బీరు కొనలేడు. అదే కంపెనీ ఓడ బార్సిలోనా నుంచి బయలుదేరితే రెండూ చేయగలడు. కుర్రాడి తెలివితేటల్లో మార్పేమీ రాలేదు. మారింది రేవు. ఓడల్లోని వయసు హద్దులకు మూలం అక్కడి చట్టం, దావాల భయం, బీమా. పిల్లల పరిణతిని కొలిచి పెట్టినవి కావవి. అందుకే ఓడ అనుమతించింది కాబట్టి మా వాడికి ఫర్వాలేదు అనుకోవడం సరికాదు.

మధ్యేమార్గాలూ ఉన్నాయి. నార్వీజియన్‌లో కొన్ని మార్గాల్లో ఓడ అంతర్జాతీయ జలాల్లో ఉన్నప్పుడు, తల్లిదండ్రులు సంతకం చేసి పక్కనే ఉంటే 18–20 ఏళ్లవాళ్లకు బీరు, వైన్ ఇస్తారు. యూరప్‌లోనే మొదలై అక్కడే ముగిసే ప్రయాణాల్లో డిస్నీ కూడా తల్లిదండ్రుల అనుమతితో, వాళ్ల సమక్షంలో 18 నిండినవారిని అనుమతిస్తుంది. క్యాసినో సంగతి వేరు. కార్నివాల్, రాయల్ కరీబియన్ ఓడల్లో చాలా మార్గాల్లో 18 నిండితే ఆడవచ్చు. బీరు కొనలేని కుర్రాడు జూదం ఆడగలడన్నమాట. కాలేజీలో చేరిన కొడుకు చేతిలో ఓడ కార్డు పెట్టే తల్లిదండ్రులకు ఇది ముందే తెలియాలి. ఆ కార్డే గది తాళం, అదే డబ్బు. ఖర్చుకు పరిమితి పెట్టమని, లేదా కొనుగోళ్లను పూర్తిగా ఆపమని గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గర అడిగితే నిమిషాల్లో చేసిపెడతారు.

నిబంధనలు అందరికన్నా ఎక్కువగా మరిచిపోయింది ఈ పద్దెనిమిది నుంచి ఇరవై వరకూ ఉన్నవాళ్లనే. టీన్ క్లబ్బు 17తో ముగుస్తుంది. పద్దెనిమిది నిండిన అక్క, పదహారేళ్ల చెల్లితో కలిసి ఆ గదిలో కూర్చోలేదు. ఆ హద్దులో కారణం ఉంది, మేజర్లను మైనర్ల గదిలోకి రానివ్వకూడదు. రాత్రి పూట పెద్దల చోట్లు మాత్రం బార్ల చుట్టూ అల్లుకుని ఉంటాయి. మొదటి ఏడాది కాలేజీ సెలవులకు ఇంటికొచ్చి, అమ్మానాన్నలతో ఓడెక్కిన పిల్లలకు సాయంత్రం తొమ్మిది తర్వాత తమదంటూ ఒక చోటు ఉండదు. కొన్ని ఓడలు ఈ వయసువాళ్లు కలుసుకునే కార్యక్రమాలు పెడుతున్నాయి గానీ చాలావాటిలో అది మొదటి రోజు ఒక గంట పరిచయ సమావేశంతో సరి. పెద్దపిల్లలను గుంపులో వదిలేసి, చిన్నవాళ్ల మీదే దృష్టంతా పెట్టే ఇళ్లలో ఈ పంతొమ్మిదేళ్లవాళ్లకే తోడు ఎక్కువ కావాలి.

అసలీ తలనొప్పే వద్దనుకున్న కంపెనీలూ ఉన్నాయి. వర్జిన్ వాయేజెస్, వైకింగ్ ఓడల్లో 18 నిండనివారికి ప్రవేశమే లేదు. కుటుంబాల ఓడలు ఆ దారి పట్టలేవు, వాటి వ్యాపారమే పిల్లలున్న ఇళ్లతో.

గదులు, తాళాలు

నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి ఒక క్యాబిన్ చాలదు. రెండు తీసుకోవాలి. అప్పుడు పిల్లలు ఒక గదిలో, తల్లిదండ్రులు ఇంకో గదిలో ఉండవచ్చా? కార్నివాల్ దీనికి లెక్కగా జవాబిచ్చింది. పన్నెండు, అంతకు లోపు వయసువాళ్ల గది పెద్దల గదికి పక్కన గానీ ఎదురుగా గానీ ఉండాలి. 13–17 వాళ్లది మూడు గదుల దూరం దాటకూడదు. 18–20 వాళ్లకు దూరం పట్టింపు లేదు గానీ, 21 నిండని వాళ్ల వెంట ఓడలో 25 నిండిన బంధువో సంరక్షకులో ఉండాలి. మిగతా కంపెనీల్లోనూ ఇలాంటివే ఉన్నాయి, అంకెలే వేరు.

ఇక్కడ చాలా కుటుంబాలు పాటించే కిటుకు ఒకటుంది. కాగితం మీద ఒక్కో గదికి ఒక్కో పెద్దవారి పేరు రాయిస్తారు. ఎక్కాక తల్లిదండ్రులు ఒక గదిలోకి, పిల్లలు మరో గదిలోకి సర్దుకుంటారు. ఓడవాళ్లకూ ఇది తెలుసు, అడిగితే రెండో గదికి అదనపు తాళం కార్డు కూడా ఇస్తారు. పక్కపక్క గదులై, మధ్యలో తలుపు ఉంటే ఇందులో పెద్ద ఇబ్బంది లేదు. గదులు వేర్వేరు డెక్‌ల మీద పడినప్పుడు కూడా ఇదే పని చేస్తేనే చిక్కు. చౌకగా వస్తుందని తల్లిదండ్రులు బాల్కనీ గది, పిల్లలకు నాలుగు డెక్‌ల కింద లోపలి గది తీసుకుంటే రాత్రి ఆ తలుపు ఎవరు తట్టారో, ఎవరు లోపలికి వచ్చారో తెలిసే దారి లేదు. డబ్బు ఆదా చేయడానికి ఓడలో వేరే మార్గాలు చాలా ఉన్నాయి. దీని మీద మాత్రం చేయకూడదు.

తెలుగు కుటుంబాల్లో ఆ రెండో గదిలో తరచూ పడుకునేది తాతయ్య, నాన్నమ్మ, లేదా అమ్మమ్మ. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో విజిటర్ వీసా మీద వచ్చి, మనవలతో ఓడెక్కుతారు. కాగితం మీద ఆ గదికి పెద్ద దిక్కు వాళ్లే. మనవరాలు రాత్రి పన్నెండు దాటినా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఓడ యాప్‌లో కబురు ఎలా పెట్టాలి, సెక్యూరిటీతో ఇంగ్లిష్‌లో ఏం చెప్పాలి అన్నవి వాళ్లకు ఎవరూ నేర్పరు. గదిలోని ఫోన్ ఎత్తి కొడుకు గది నంబరు ఎలా నొక్కాలో మొదటి రోజే చేయించి చూపాలి, అత్యవసర నంబరును కాగితం మీద తెలుగులో రాసి ఫోన్ పక్కన పెట్టాలి. తల్లిదండ్రులు లేకుండా తాతానాన్నమ్మలతోనే పిల్లలను పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మైనర్లు తల్లిదండ్రుల్లో ఒక్కరితోనో, ఇతర బంధువులతోనో దేశం దాటుతుంటే అనుమతి పత్రం, వీలైతే నోటరీ చేయించి, వెంట ఉంచుకోవాలని అమెరికా సరిహద్దు అధికారులు సూచిస్తారు. అందులోనే వైద్యానికి అనుమతి కూడా రాస్తే, ఓడ ఆసుపత్రిలో చికిత్సకు ఆలస్యం కాదు.

రాత్రి ఒంటిగంట దాటాక

కార్నివాల్, రాయల్ కరీబియన్ వంటి కంపెనీల ఓడల్లో రాత్రి ఒంటిగంటకు మైనర్లకు కర్ఫ్యూ. పెద్దల తోడు లేకుండా పద్దెనిమిది నిండనివాళ్లు ఆ తర్వాత డెక్‌ల మీద, లిఫ్టుల దగ్గర, తినే చోట్ల కనబడకూడదు. కనబడితే సెక్యూరిటీ గదికి పంపుతుంది, మళ్లీ మళ్లీ జరిగితే తల్లిదండ్రులను పిలుస్తారు. నిబంధన మంచిదే. అది ఏం కాపాడుతుందన్నది సరిగ్గా తెలుసుకోవాలి. కర్ఫ్యూ అందరూ తిరిగే చోట్లకు సంబంధించింది. క్యాబిన్లకు వర్తించదు. టీన్ క్లబ్బు మూసేశాక ఎనిమిది మంది పిల్లలు ఎవరిదో ఒక గదిలో చేరితే కర్ఫ్యూ పాటించినట్టే లెక్క.

ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ మూసిన తలుపుల వెనుకే. 2010 జులైలో అమెరికాలో చట్టమైన క్రూయిజ్ వెసెల్ సెక్యూరిటీ అండ్ సేఫ్టీ యాక్ట్ ప్రకారం, ఆ దేశపు రేవులను వాడే పెద్ద ఓడలు హత్య, అపహరణ, లైంగిక దాడి, పదివేల డాలర్లు దాటిన దొంగతనం వంటి నేరాల ఆరోపణలను ఎఫ్‌బీఐకి తెలపాలి. ఆ లెక్కలను రవాణా శాఖ కంపెనీల వారీగా ప్రచురిస్తుంది. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేవి లైంగిక నేరాల ఆరోపణలే. సెనేట్ వాణిజ్య కమిటీ సిబ్బంది 2013లో ఇచ్చిన నివేదిక, ఓడల్లో నమోదైన లైంగిక దాడి ఆరోపణల్లో దాదాపు మూడో వంతు బాధితులు మైనర్లని తేల్చింది. ఏటా ఓడలెక్కే కోట్ల మందితో పోలిస్తే మొత్తం కేసుల సంఖ్య చిన్నదే. అయినా ఆ మూడో వంతు మాట చదివాక, ఎదిగిన పిల్లలకు ఓడలో ఏ భయమూ లేదని చెప్పే ధైర్యం ఎవరికీ రాకూడదు.

ఈ విషయం పిల్లలతో మాట్లాడటానికి మన ఇళ్లలో నోరు పెగలదు. ‘చీకటిపడ్డాక బయట తిరగొద్దు’ అని ఆడపిల్లకు చెప్పి ఊరుకుంటారు. మగపిల్లవాడికి అదీ చెప్పరు. రెండూ తప్పే. కూతురికి అసలు విషయం చెప్పకుండా నిషేధం ఒక్కటే పెడితే ఆమె దాచడం నేర్చుకుంటుంది. కొడుక్కి ఏమీ చెప్పకపోతే తనకు హాని జరగగలదని గానీ, తన వల్ల ఎదుటివారికి జరగగలదని గానీ అతనికి తట్టదు. ఇద్దరికీ ఒకే మాట, ఒకేసారి, స్పష్టంగా చెప్పాలి. ఎవరి క్యాబిన్‌లోకీ వెళ్లకూడదు, ఎవరినీ మన గదిలోకి తేకూడదు. ఎంత మంచి స్నేహమైనా డెక్ మీద, క్లబ్బులో, అందరూ ఉన్న చోటే. ఇంకెవరైనా తెచ్చి ఇచ్చిన గ్లాసు ముట్టకూడదు. సిబ్బందిలో ఎవరైనా పని గంటల తర్వాత విడిగా కలుద్దామంటే వెంటనే ఇంట్లో చెప్పాలి. ప్రయాణికులతో అలాంటి సాన్నిహిత్యం సిబ్బందికి నిషిద్ధం, ఉద్యోగం పోయేంత తప్పు. అన్నిటికన్నా ముఖ్యంగా, నిబంధన దాటిన తర్వాత ఇబ్బందిలో పడినా సరే, తిట్లకు భయపడకుండా వచ్చి చెప్పవచ్చన్న నమ్మకం పిల్లలకు ఉండాలి. అనుకోనిది జరిగి కూడా నోరు విప్పని పిల్లల్లో ఎక్కువమంది ఆ భయంతోనే ఆగిపోతారు.

జరగరానిది జరిగితే 2010 నాటి ఆ అమెరికా చట్టం కొన్ని హక్కులు ఇచ్చింది. ఓడలో లైంగిక దాడి బాధితులను పరీక్షించి సాక్ష్యాలు సేకరించడానికి శిక్షణ పొందిన వైద్య సిబ్బంది ఉండాలి. పోలీసులకో, సహాయ సంస్థలకో, లాయరుకో ఫోన్ చేసుకోవడానికి విడిగా, ఉచితంగా వీలు కల్పించాలి. ఓడ సెక్యూరిటీకి చెప్పడంతో ఆగిపోకుండా, తల్లిదండ్రులే నేరుగా ఎఫ్‌బీఐకి ఫోన్ చేయవచ్చు. క్యాబిన్ తలుపులకు బయటివాళ్లను చూసే కన్నం ఉండాలని, డెక్ అంచు రెయిలింగ్ కనీసం 42 అంగుళాల ఎత్తు ఉండాలని చెప్పింది కూడా ఆ చట్టమే. ఎవరైనా తలుపు తడితే ముందు ఆ కన్నంలోంచి చూడటం పిల్లలకు అలవాటు చేయాలి.

మద్యం గురించి ఒక మాట. పిల్లలు బార్‌లో కొనలేరు, కార్డులో పుట్టినతేదీ ఉంటుంది. వాళ్ల చేతికి గ్లాసు అందేది పెద్దల ద్వారానే. రోజంతా తాగేందుకు ప్యాకేజీ కొన్న ఏ అంకులో, వరసకు ఏ బాబాయో సరదాగా ఒక గుక్క ఇస్తాడు. మైనర్లకు మద్యం అందించడం ఓడలో తీవ్రమైన ఉల్లంఘన. ఆ పెద్దమనిషి కుటుంబాన్నంతా తర్వాతి రేవులో దించేసే అధికారం కెప్టెన్‌కు ఉంది. తిరుగు విమానం ఖర్చు వాళ్లదే.

నీళ్ల దగ్గర పరిస్థితి ఇప్పుడు కొంత మెరుగు. చాలాకాలం పెద్ద పెద్ద ఓడల్లో కూడా స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డులు ఉండేవారు కాదు, ఒక హెచ్చరిక బోర్డు ఉండేది. డిస్నీ 2013లో, రాయల్ కరీబియన్ 2017లో లైఫ్‌గార్డులను పెట్టాయి. అన్ని కంపెనీలూ పెట్టలేదు. ఈత వచ్చిన పదమూడేళ్లవాణ్ని ఎనిమిదేళ్ల తమ్ముడికి కాపలా పెట్టి వెళ్లే ముందు, ఆ ఓడలో గార్డు ఉన్నాడో లేడో చూసుకోవాలి.

ప్రమాద ఘంట మోగితే ఏం చేయాలన్నది మరో విషయం. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది పోయారు. అప్పటికి వందలమంది ప్రయాణికులకు డ్రిల్ జరగనే లేదు. ఆ తర్వాత నిబంధన మారి, ఓడ కదిలే లోపే లేదా కదిలిన వెంటనే డ్రిల్ పూర్తి కావాలన్నారు. ఇప్పుడు చాలా ఓడల్లో వీడియో ఫోన్‌లో చూసి, మస్టర్ స్టేషన్ దగ్గర కార్డు చూపిస్తే సరిపోతుంది. క్లబ్బులో ఉన్న చిన్నపిల్లలను సిబ్బంది చేయి పట్టుకుని తీసుకెళ్తారు. టీనేజ్ పిల్లలు మాత్రం తమంతట తాము చేరుకోవాలి. అమ్మానాన్నలను వెతుక్కుంటూ గదికి పరుగెత్తకూడదు. ఎక్కడున్నా నేరుగా ఆ చోటుకే రావాలి, అక్కడే కలుద్దాం అని ముందే చెప్పి, ఎక్కిన సాయంత్రం ఒకసారి అందరూ కలిసి నడిచి చూడాలి. పది నిమిషాల పని.

ఫోన్ల విషయంలో పెద్దలు మోసపోతారు. ఊళ్లో ఉన్నట్టు పిల్లల లొకేషన్ చూస్తూ ఉండవచ్చనుకుంటారు. నడిసముద్రంలో మామూలు సిగ్నల్ ఉండదు, ఇనుప గోడల మధ్య జీపీఎస్ పనిచేయదు. ఓడ యాప్‌లో మెసేజీలు పంపుకోవచ్చు. కొన్ని కంపెనీలు ఉచితంగా ఇస్తాయి, కొన్ని డబ్బు తీసుకుంటాయి. ఛార్జి అయిపోయిన ఫోన్‌కు ఏ యాప్ అయినా ఒకటే. అందుకే గంటగంటకూ మెసేజ్ పెట్టమనడం కన్నా, రోజుకు రెండు మూడు ముఖాముఖి కలయికలు పెట్టుకున్న ఇళ్లకు నిశ్చింత ఎక్కువ. పొద్దున టిఫిన్, రాత్రి భోజనం తప్పనిసరిగా కలిసి. రాత్రి పడుకునే ముందు అమ్మో నాన్నో మెలకువగా ఉండగా గదికి రావడం. రేవులో దిగే రోజున పెద్దలు లేకుండా దిగకపోవడం. పదిహేనేళ్ల పిల్లలు దీనికి ఒప్పుకుంటారు, అయితే ఓడెక్కాక కాదు, ఇంట్లో ఉండగానే, వాళ్ల మాట కూడా విని కుదుర్చుకుంటే. ఈ కొన్ని గట్టిగా నిలబెట్టి, మిగతా పొద్దంతా వాళ్లకు వదిలేయాలి. నిజానికి ఓడ ప్రయాణం పిల్లలకు ఇచ్చే గొప్ప బహుమతి అదే. సొంతంగా తిరిగి, తిండి తెచ్చుకుని, కొత్తవాళ్లతో మాట కలిపి, దారి తప్పి మళ్లీ దొరకబుచ్చుకునే స్వేచ్ఛ అమెరికా సబర్బ్‌లలో కారు లేకుండా కదలలేని మన పిల్లలకు అరుదుగా దొరుకుతుంది. దాన్ని భయంతో తీసేసుకోకూడదు.

మన రేవులోనూ

క్రూయిజ్ ఇప్పుడు తెలుగు తీరానికి కూడా వచ్చింది. కోర్డీలియా అనే క్రూయిజ్ కంపెనీ వారి ఎంప్రెస్ 2022 జూన్‌లో విశాఖకు వచ్చింది. ఒకప్పుడు రాయల్ కరీబియన్ నడిపిన, 1990 నాటి ఓడ అది. 2023 సెప్టెంబర్‌లో విశాఖ పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇక్కడి రేవుల మధ్య తిరిగే ఓడలకు అమెరికా చట్టం వర్తించదు. మద్యం వయసు కూడా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21, గోవాలో 18, మహారాష్ట్రలో విస్కీ, రమ్ వంటి ఘాటు మద్యానికి 25.

పిల్లల రక్షణకు ఇక్కడ ఉన్నది 2012 నాటి పోక్సో చట్టం. పద్దెనిమిది నిండని ప్రతి ఒక్కరూ దాని దృష్టిలో పిల్లలే. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని దాని 19వ సెక్షన్ అంటోంది. ఆ బాధ్యత ఓడ సిబ్బందికీ ఉంటుంది, గుంపులో వచ్చిన బంధువులకూ ఉంటుంది. పరువు కోసం ఓడలోనే సర్దుబాటు చేసుకుందామనే పెద్దమనుషులకు ఈ సెక్షన్ గురించి చెప్పాల్సి రావచ్చు.

విశాఖలోనో హైదరాబాద్‌లోనో ట్రావెల్ ఏజెంట్‌కు అడ్వాన్సు కట్టేటప్పుడు గది కిటికీ, భోజనం, వైఫై గురించి అందరూ అడుగుతారు. పిల్లల క్లబ్బులో రాకపోకలు ఏ వయసు దాకా రాసుకుంటారో, మైనర్లకు రాత్రి ఎన్నింటి దాకా తిరిగే వీలుందో, పిల్లల గదికి పెద్దల గది ఎంత దూరంలో ఇస్తారో, పూల్ దగ్గర లైఫ్‌గార్డు ఉంటారో లేదో కూడా అడగాలి. ఏజెంట్‌కు తెలియకపోతే కంపెనీని కనుక్కుని చెప్పమనాలి. నోటిమాటతో సరిపెట్టుకోకుండా జవాబును ఈమెయిల్‌లో తీసుకుని, ఆ తర్వాతే మిగతా డబ్బు కట్టాలి.